ఓటు, నేల, కథ: మావోరి స్త్రీల రచనలో అధికార ప్రశ్న

1

స్త్రీలకు జాతీయ ఎన్నికల్లో మొట్టమొదట ఓటుహక్కు ఇచ్చిన దేశం ఏది అని అడిగితే న్యూజిలాండ్ అనీ, సంవత్సరం 1893 అనీ మన పోటీపరీక్షల పుస్తకాలన్నీ చెబుతాయి. సమాధానంలో తప్పులేదు. కాని “ఇచ్చిన” అనే మాట దగ్గర సాహిత్య విద్యార్థి కాస్త ఆగాలి. ఎవరు ఎవరికి ఇచ్చారు? ఇచ్చే అధికారం వాళ్లకు ఎక్కడనుంచి వచ్చింది? పుచ్చుకున్నవాళ్లలో కొందరికి అంతకుముందే ఉన్న అధికారం ఏమైపోయింది?

ఈ ప్రశ్నలు వేసినవాళ్లు ఆ దేశపు మూలవాసులైన మావోరి స్త్రీలు. సభల్లో వేశారు, ఊరేగింపుల్లో వేశారు, 1970ల నుంచి కథల్లో, నవలల్లో గట్టిగా వేశారు. ఆ రచనలను అంచనా కట్టేటప్పుడు విమర్శకులు సాధారణంగా రెండు దారుల్లో ఏదో ఒకటి పడతారు. ఒకరు దాన్ని స్త్రీల సాహిత్యంగా చదివి భూమి ప్రశ్నను నేపథ్యంలోకి నెడతారు. మరొకరు జాతి విముక్తి సాహిత్యంగా చదివి స్త్రీ ప్రశ్నను ఇంటివిషయంగా పక్కన పెడతారు. ఏ దారిలో వెళ్లినా సగం రచనే చేతికి వస్తుంది. మావోరి స్త్రీ దృష్టిలో రాజకీయాధికారం అంటే సభలో ఒక కుర్చీ మాత్రమే కాదు. తాను నిలబడిన నేల గురించీ, తన బిడ్డ మాట్లాడే భాష గురించీ నిర్ణయం చేసే హక్కు. ఈ రెండూ ఒకే ప్రశ్న అని చరిత్రా చెబుతుంది, ఆ రచనల వస్తుశిల్పాలూ చెబుతాయి. ఈ వ్యాసం ప్రతిపాదన అదే.

2

1893లో ఆ దేశంలో రెండు సభల్లో స్త్రీల ఓటు చర్చకు వచ్చింది. వెల్లింగ్టన్‌లోని వలస పార్లమెంటు ముందు కేట్ షెపర్డ్ తదితరుల నాయకత్వంలో దాదాపు 32 వేల సంతకాలతో మహజర్లు చేరాయి. సెప్టెంబర్ 19న చట్టం వచ్చింది. ఇది అందరికీ తెలిసిన చరిత్ర.

అంతకు నాలుగు నెలల ముందు, మే 18న, హేస్టింగ్స్ దగ్గరి వైపటులో మరో సభ కూర్చుంది. అది కోటహితంగ. వలస ప్రభుత్వం గుర్తించకపోయినా మావోరి తెగలు ఏకమై స్వయంగా ఏర్పరచుకున్న పార్లమెంటు. ఆ సభలోకి మెరి మంగకాహియా అనే పాతికేళ్ల యువతి వచ్చి మాట్లాడింది. స్త్రీలకు ఓటు కావాలంది. అంతటితో ఆగక, స్త్రీలు సభ్యులుగా కూర్చునే హక్కు కూడా కావాలంది. వెల్లింగ్టన్ ఉద్యమం అప్పటికి ఓటు దగ్గరే ఆగింది. పార్లమెంటుకు పోటీచేసే హక్కు న్యూజిలాండ్ స్త్రీలకు 1919లో గాని రాలేదు. అంటే ఈ విషయంలో “వెనుకబడిన” జాతి స్త్రీ “ముందున్న” జాతి ఉద్యమంకన్నా ముందుంది.

ఆమె వాదన మరీ ముఖ్యం. స్త్రీలు సున్నిత హృదయులనీ, రాజకీయాలను శుద్ధి చేస్తారనీ ఆమె అనలేదు. మాలో భూమి ఉన్న స్త్రీలున్నారు, భర్తలు పోయి భూమి చూసుకుంటున్నవాళ్లున్నారు, అన్నదమ్ములు లేక తండ్రి భూమికి హక్కుదారులైనవాళ్లున్నారు, భర్తలకు తెలియని సేద్యం తెలిసినవాళ్లున్నారు అని లెక్క చెప్పింది. పెద్దలు ఇన్నేళ్లు రాణికి మొరపెట్టుకున్నా ఫలం దక్కలేదు, ఆడవాళ్ల మాట రాణి వింటుందేమో అని ఎత్తి పొడిచింది. ఇందులో యాచన లేదు. ఉన్న హక్కు ఆధారంగా ఇంకో హక్కును అడగడం ఉంది. కోటహితంగ ఎన్నికల్లో స్త్రీలకు ఓటు 1897లో వచ్చింది.

ఆ మాట వెనక ఉన్న ఆర్థిక చరిత్రను గమనించాలి. మావోరి ఆచారంలో స్త్రీకి పుట్టింటి తెగ భూమిలో హక్కు ఉండేది, పెళ్లితో పోయేది కాదు. 1840లో బ్రిటిష్ ప్రభుత్వంతో జరిగిన వైటాంగి ఒప్పందం మీద 500 మందికి పైగా తెగపెద్దలు సంతకం చేస్తే వారిలో కొందరు స్త్రీలు. మరికొన్నిచోట్ల స్త్రీ సంతకం పనికిరాదని తిప్పిపంపినవాళ్లు తెల్ల అధికారులే. 1860లలో యుద్ధాలు జరిగాయి. 1863 చట్టం కింద ఒక్క వైకాటో ప్రాంతంలోనే సుమారు 12 లక్షల ఎకరాలు స్వాధీనం చేసుకున్నారు. తర్వాత భూమి కోర్టు పెట్టి, తెగ అంతటికీ చెందిన నేలను కొద్దిమంది పేర్ల మీదికి ఎక్కించి, అమ్మకానికి అనువుగా మలిచారు. పట్టాలో పేరు రాసేటప్పుడు ఇంటి పెద్ద అంటే మగవాడు అనే ఆంగ్ల సంప్రదాయం ఎవరికి లాభించి ఉంటుందో చెప్పనక్కర్లేదు.

ఈ నేపథ్యంలో ఓటు వచ్చింది. మావోరి స్త్రీలు కూడా 1893 డిసెంబర్‌లో ఓటేశారు. కాని ఎక్కడ? 1867 చట్టం మావోరిలకు కేటాయించిన నాలుగు స్థానాల్లో. జనాభా పెరిగినా ఆ నాలుగు 1990ల దాకా నాలుగే. గొడ్డును కట్టుకొయ్యకు కట్టేసి మేత వేసినట్టు, ఓటు ఉంది, తాడు కూడా ఉంది. ఓటు కోసం ముందు నిలిచిన మద్యపాన వ్యతిరేక మహిళా సంఘంలో చేరాలంటే మావోరి స్త్రీలు గడ్డం మీది పచ్చబొట్టును, మోకో కౌవాయ్‌ని, వదులుకుంటామని ఒప్పుకోవలసి వచ్చేది. అది అలంకారం కాదు, వంశాన్ని చెప్పే అక్షరం. సమానత్వంలోకి రావాలంటే ముఖం మార్చుకుని రమ్మన్నారు. తర్వాతి సాహిత్యమంతా ఈ షరతుకు సమాధానమే.

3

మొదటి మావోరి స్త్రీ పార్లమెంటులో అడుగు పెట్టడానికి ఓటు తర్వాత 56 ఏళ్లు పట్టింది. 1949లో ఇరియాకా రాటానా, చనిపోయిన భర్త స్థానంలో నిలబడి గెలిచింది. అప్పుడు ఆమెను వ్యతిరేకించినవాళ్లలో టె పువేయా ఉంది. టె పువేయా సామాన్యురాలు కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో వైకాటో యువకుల నిర్బంధ సైనికీకరణను ఎదిరించిన నాయకురాలు. తెగ పడవకు స్త్రీ నాయకత్వం వహించడం ఆమెకు సమ్మతం కాలేదు. అణగారిన జాతిలో పుట్టిన ప్రతి స్త్రీ చైతన్యమూ అన్ని దిక్కులా ఒకే తీరుగా వికసిస్తుందని అనుకోవడం అమాయకత్వం. పోరాటానికి లోపల కూడా ఒక సరిహద్దు ఉంది.

పార్లమెంటు బయట పని మరో విధంగా సాగింది. 1951లో మావోరి మహిళా సంక్షేమ సంఘం ఏర్పడింది. దాని తొలి అధ్యక్షురాలు ఫీనా కూపర్. పట్టణాలకు వలసపోయిన కుటుంబాల ఇళ్లూ, ఆరోగ్యమూ, బడీ చూసిన సంఘం అది. ఆ ఫీనా కూపరే దాదాపు ఎనభై ఏళ్ల వయసులో 1975 సెప్టెంబర్ 14న ఉత్తర కొసలోని టె హాపువా నుంచి నడక మొదలుపెట్టింది. ఇక ఒక్క ఎకరం కూడా పోనివ్వం అన్నది నినాదం. అక్టోబర్ 13న వెల్లింగ్టన్ చేరేసరికి మహజరు మీద 60 వేల సంతకాలున్నాయి. 1977-78లో ఆక్లండ్ దగ్గరి బాస్టియన్ పాయింట్‌లో ప్రజలు 506 రోజులు నేలను పట్టుకుని కూర్చుంటే ప్రభుత్వం పోలీసులనూ సైన్యాన్నీ దింపి 222 మందిని అరెస్టు చేసింది. మెరాటా మీటా అక్కడ కెమెరా పట్టుకుంది. 1978లోనే రాగ్లన్‌లో ఈవా రికార్డ్ అరెస్టయింది. యుద్ధకాలంలో విమానాశ్రయం కోసమని తీసుకున్న తెగ భూమిని, శ్మశానంతో సహా, గోల్ఫ్ మైదానంగా మార్చారు. తమ పెద్దల సమాధుల మీద బంతులాట ఆడవద్దని చెప్పినందుకు ఆమె నేరస్థురాలైంది.

ఈ పోరాటాలన్నిటా ముందు స్త్రీలే ఉండటం కాకతాళీయమని నేననుకోను. మావోరి భాషలో ఫెనువా అంటే భూమి, మాయ కూడా. బిడ్డ పుట్టాక మాయను నేలలో పాతిపెడతారు. హపూ అంటే ఉపతెగ, గర్భం కూడా. ఫానౌ అంటే కుటుంబం, ప్రసవం కూడా. అయితే ఇక్కడ విమర్శకుడు జాగ్రత్తపడాలి. ఈ శ్లేషలను పట్టుకుని “స్త్రీయే భూమాత” అని పాట ఎత్తుకోవడం తేలిక. భూమాతను చేసిన చోట స్త్రీని పూజిస్తారు, సభలో మాట మాత్రం ఇవ్వరు. మెరి మంగకాహియా తనను భూమితో పోల్చుకోలేదు, భూమికి హక్కుదారునన్నది. ఈ తేడా తెలిసిన రచయిత్రులే మంచి రచయిత్రులయ్యారు.

4

ఇక రచనల దగ్గరికి వద్దాం. మావోరి స్త్రీ కథ అచ్చుకావడమే ఒక అధికార ప్రశ్న. జె.సి. స్టర్మ్ 1950ల నుంచి ఇంగ్లీషులో కథలు రాసింది. యూనివర్సిటీ పట్టా పొందిన తొలి మావోరి స్త్రీలలో ఒకరు. ఆమె కథల సంపుటి 1960ల్లోనే సిద్ధమైనా ప్రచురణకర్త దొరకలేదు. ఆ కాలంలోనే ఆమె భర్త జేమ్స్ కె. బాక్స్టర్ దేశంలో పేరుమోసిన కవి. ఆమె పుస్తకం, ‘ద హౌస్ ఆఫ్ ద టాకింగ్ క్యాట్’, 1983లో వచ్చింది. వేసినవాళ్లు స్పైరల్ అనే స్త్రీల బృందం. ఆలస్యమైన ఆ ఏళ్లను “ప్రతిభ గుర్తింపు పొందని కాలం” అని మర్యాదగా అనవచ్చు. అచ్చుయంత్రం ఎవరి చేతుల్లో ఉందో అడగడం మరింత శాస్త్రీయం.

అదే స్పైరల్ మరుసటి ఏడాది కెరి హ్యూమ్ నవల ‘ద బోన్ పీపుల్’ వేసింది. పెద్ద ప్రచురణ సంస్థలు అలాగే వేయడానికి ఒప్పుకోని నవల 1985లో బుకర్ బహుమతి పొందింది. వెంటనే మరో వివాదం లేచింది. మావోరి రచనకు ఉద్దేశించిన పెగాసస్ బహుమతి ఆమెకు రావడాన్ని విమర్శకుడు సి.కె. స్టెడ్ ప్రశ్నించాడు. ఆమెలో మావోరి రక్తం ఎనిమిదో వంతేనన్నది అభ్యంతరం. మావోరి వంశగణన భిన్నాలతో నడవదు, తెగతో ఉన్న బంధంతో నడుస్తుంది. ఎవరు మావోరి అని తేల్చే అధికారం కూడా పాకెహాల, అంటే తెల్ల స్థిరనివాసుల, విమర్శ తన దగ్గరే ఉంచుకోజూసింది. ఆ గొడవలో నవలలోని అసలు సాహసం మరుగున పడింది. జో అనే మావోరి మగవాడు తాను పెంచుకుంటున్న పసివాణ్ని చితకబాదుతాడు. రచయిత్రి దాన్ని దాచలేదు. మనవాళ్ల పరువు కోసం మనింటి హింసను కప్పిపుచ్చే అలవాటుకు ఆమె లొంగలేదు.

ప్యాట్రిషియా గ్రేస్ 1975లో ‘వైయారికి’తో కథాసంపుటి తెచ్చిన తొలి మావోరి స్త్రీ. 1986 నాటి ‘పోటికి’ నవల ఈ ధోరణికి శిఖరం. సముద్రతీరంలో ఒక మావోరి పల్లె. విహారకేంద్రం కట్టాలనుకున్న కంపెనీ దారి కోసం భూమి అడుగుతుంది. డబ్బు చూపిస్తుంది. పల్లె వద్దంటుంది. తర్వాత కొండమీద పని మొదలై వాగు పొంగి తోటలూ శ్మశానమూ మునుగుతాయి, సభాగృహం తగలబడుతుంది. టోకో అనే వంకర శరీరపు పిల్లవాడు చివరికి ప్రాణం పోగొట్టుకుంటాడు. కథలో కథగా, యుద్ధంలో విమానాశ్రయానికి పోయిన భూమి కోసం పోరాడిన టె ఓపె ప్రజలు వస్తారు. రాగ్లన్ జ్ఞాపకం వచ్చి తీరుతుంది.

వస్తువు ఇంతే అయితే దీన్ని మంచి భూపోరాట నవల అని ముగించవచ్చు. కాని శిల్పం చూడండి. నవలకు ఒకే కథకుడు లేడు. రోయిమాటా చెబుతుంది, టోకో చెబుతాడు, హెమి, మేరి, జేమ్స్ కథలు వేరుగా నడుస్తాయి. సభాగృహంలో ఒకరి తర్వాత ఒకరు లేచి మాట్లాడినట్టుంటుంది. నాయకుడు లేని ఈ నిర్మాణమే నవల రాజకీయం. రోయిమాటా ఉపాధ్యాయిని. తన పిల్లవాడు మనూని సర్కారు బడికి పంపకుండా ఇంట్లోనే కథలతో చదువు చెబుతుంది. పైకి ఇది తల్లి మురిపెంలా కనిపిస్తుంది. నిజానికి ఏ కథ బిడ్డకు చేరాలో నిర్ణయించే అధికారాన్ని ఆమె రాజ్యం చేతిలోంచి వెనక్కి తీసుకుంటుంది. ఆమె కూతురు టంగిమోవానా న్యాయశాస్త్రం చదువుతుంది, అవసరమైతే చట్టం గీసిన గీత దాటడానికీ జంకదు. తల్లి సహనానికీ కూతురి ఆగ్రహానికీ మధ్య నవల తీర్పు చెప్పదు, రెండింటినీ ఒకే ఇంట్లో ఉంచుతుంది.

భాష విషయంలో గ్రేస్ తీసుకున్న నిర్ణయం మన రచయితలు ప్రత్యేకంగా చూడదగింది. ‘పోటికి’లో మావోరి మాటలకు అర్థాల పట్టిక లేదు, వాలు అక్షరాలు లేవు. చివరి పలుకులు మావోరిలోనే ఉన్నాయి, అనువాదం లేదు. ఇంగ్లీషు పాఠకుడికి కష్టం కదా అన్నారు. తన నేలమీద తన భాష పరాయిభాషలా వివరణ ఇచ్చుకోవాలా అన్నదే ఆ శిల్పం అడిగే ప్రశ్న. పచ్చబొట్టు వదిలి రమ్మన్న పాత షరతుకు ఇది శైలిలో ఇచ్చిన జవాబు.

నవలకు లోపం లేదని కాదు. పల్లె జీవితం కొన్నిచోట్ల మరీ నిర్మలంగా, లోపలి తగాదాలు లేనట్టు కనిపిస్తుంది. పని పోయి పల్లెకు తిరిగొచ్చిన హెమి ద్వారా పట్టణ కార్మిక జీవితాన్ని తాకినా, ఆ దారిలో రచయిత్రి దూరం పోలేదు. భూమికి తిరిగి వెళ్లడమే పరిష్కారమైతే, తిరిగి వెళ్లడానికి భూమే మిగలనివాళ్ల మాటేమిటి?

5

ఆ ప్రశ్నకు గ్రేస్ తానే 1992 నాటి ‘కజిన్స్’లో కొంత జవాబు చెప్పింది. మాటా, మకరెటా, మిస్సీ అనే ముగ్గురు అక్కచెల్లెళ్ల వరుస పిల్లలు. మాటా అనాథాశ్రమంలో పెరిగి, పేరూ ఊరూ మనుషులూ లేని బతుకు ఈడుస్తుంది. భూమికి తిరిగి వెళ్లలేని మనిషి ఆమె. మకరెటాను తెగ ఆశలన్నీ పెట్టుకుని పెంచుతుంది. పెద్దలు కుదిర్చిన సంబంధం కాదని ఆమె వెళ్లిపోతుంది. ఆ చోట మిస్సీ తానుగా నిలబడుతుంది. పెద్దలు దుర్మార్గులు కారు. తెగల బంధం నిలబెట్టాలన్నది వాళ్ల ఆరాటం. అయినా ఆ ఆరాటానికి మూల్యం ఆడపిల్ల చెల్లించాలి. వెళ్లిపోయిన మకరెటాయే తర్వాత ఉద్యమకారిణి అవుతుంది, నిలిచిపోయిన మిస్సీ నేలకు కాపు అవుతుంది. ఎవరు ద్రోహి, ఎవరు విధేయ అని తేల్చే సూత్రం ఇక్కడ పనిచేయదు.

ఇది కల్పన మాత్రమే కాదు. చాలా తెగల్లో సభాస్థలంలో లాంఛన ప్రసంగం మగవాళ్లది, ఆహ్వానపు పిలుపు స్త్రీలది. న్గాటి పోరౌ వంటి తెగల్లో స్త్రీలు ప్రసంగించిన సంప్రదాయమూ ఉంది. ఏది అసలు ఆచారం, ఏది వలస కాలంలో గట్టిపడిన మగ పెత్తనం అనే చర్చ మావోరి స్త్రీలే లేవదీశారు. 1993లో, మత్స్య సంపదకు సంబంధించిన కమిషన్ నియామకాల్లో మిరా సాసీ పేరు తొలగించిన సందర్భంలో, ఫీనా కూపర్‌తో సహా కొందరు నాయకురాళ్లు వైటాంగి ట్రిబ్యునల్‌లో ‘మన వహినే’ దావా వేశారు. ‘మన’ అంటే అధికారం, గౌరవం. ‘వహినే’ అంటే స్త్రీ. స్త్రీగా మావోరికి ఉన్న అధికారాన్ని ప్రభుత్వం కాపాడలేదన్నది ఫిర్యాదు. శతాబ్దం క్రితం మెరి మంగకాహియా అన్నదీ ఇదే. విచారణ 2021లో మొదలైంది. ఫీనా కూపర్ 1994లోనే కన్నుమూసింది.

6

“ఇప్పుడు అన్నీ సాధించారు కదా” అనేవాళ్లుంటారు. లెక్కలు చూద్దాం. 1997 నుంచి 2023 లోగా ముగ్గురు స్త్రీలు ప్రధానులయ్యారు. 2016లో నానాయా మహుటా మోకో కౌవాయ్‌తో పార్లమెంటులో కూర్చుంది, 2020లో విదేశాంగ మంత్రి అయింది. 2022 అక్టోబర్‌లో సొరాయా పెకె-మేసన్ అనే మావోరి స్త్రీ ప్రమాణం చేయడంతో సభలో స్త్రీలు 60, పురుషులు 59 అయ్యారు. ఇవి చిన్న విజయాలు కావు.

కాని కుర్చీల లెక్క అధికారపు లెక్క కాదు. 1982-83లో ‘బ్రాడ్‌షీట్’ అనే స్త్రీవాద పత్రికలో డానా అవటెరె మావోరి సార్వభౌమత్వం గురించి వ్యాసాలు రాసింది. భూమి ప్రశ్న వదిలేసిన పాకెహా స్త్రీవాదం వలసవాదంలో భాగస్వామి అని నిలదీసింది. 1984లో పుస్తకమైంది. అదే రచయిత్రి 1996లో మార్కెట్ స్వేచ్ఛను ఆరాధించే యాక్ట్ పార్టీ తరఫున పార్లమెంటు సభ్యురాలైంది. ఆ పార్టీయే 2024లో వైటాంగి ఒప్పందపు అర్థాన్ని తిరగరాసే బిల్లు తెచ్చింది. రచయిత దారి తప్పితే రచన అబద్ధమవుతుందా? కాదు. ఆ పుస్తకం వేసిన ప్రశ్న రచయిత్రిని దాటి బతికే ఉంది. అయితే వర్గ దృక్పథం జతకాని అస్తిత్వ చైతన్యం ఎంత దూరం ప్రయాణించి ఎక్కడికి చేరవచ్చో కూడా ఈ ఉదాహరణ చెబుతుంది.

ఆ బిల్లును 2024 నవంబర్‌లో సభలో చించి హాకా మొదలెట్టింది 22 ఏళ్ల హానా-రాఫితి మైపి-క్లార్క్. ఆ నెలలోనే ఉత్తర కొస నుంచి వెల్లింగ్టన్‌కు మళ్లీ ఊరేగింపు నడిచింది. 2025 ఏప్రిల్‌లో బిల్లు 112-11 ఓట్లతో ఓడింది. జూన్‌లో ఆమెను ఏడు రోజులు సభనుంచి సస్పెండ్ చేశారు. ఆ మధ్యలో, మేలో, అదే సభ వేతన సమానత్వ చట్టాన్ని హడావుడిగా మార్చి, స్త్రీలు ఎక్కువగా పనిచేసే వృత్తుల 33 దావాలను రద్దు చేసింది. ఓటు మొదట ఇచ్చిన దేశంలో, ఓటు వచ్చిన 132 ఏళ్లకు, సమాన పనికి సమాన విలువ ఇంకా అడుగుతూనే ఉండవలసి వచ్చింది.

7

ఈ సాహిత్యంనుంచి విమర్శకులం నేర్చుకోవలసింది ఒక పద్ధతి. స్త్రీ పాత్ర ధైర్యంగా మాట్లాడిందా, ఇల్లు వదిలిందా అని చూసి మార్కులు వేయడం చాలదు. ఆ పాత్ర నిలబడిన నేల ఎవరిది, పట్టా ఎవరి పేరిట ఉంది, ఏ భాషలో మాట్లాడితే ఆమె మాట చెల్లుతుంది, ఆమె పుస్తకం ఎవరు అచ్చువేస్తారు అని కూడా అడగాలి. అలాగే ఇది ప్రజల భూపోరాట రచన కాబట్టి స్త్రీ ప్రశ్న తర్వాత చూద్దాం అనే వాయిదాను ఒప్పుకోకూడదు. మిస్సీ నిలిచిన చోటు, మకరెటా వెళ్లిన దారి, రెండూ పోరాటంలోనివే.

మెరి మంగకాహియా వైపటు సభకు వెళ్లినప్పుడు ఆమె చేతిలో ఆస్తుల జాబితా ఉంది, వాటిని చూసుకునే స్త్రీల అనుభవం ఉంది. ఆ జాబితాను కథగా మార్చే పని తర్వాతి తరాల రచయిత్రులు చేశారు. దాన్ని సగం చేయకుండా పూర్తిగా చదవడం విమర్శ బాధ్యత.